కాలినప్పుడు మొదటి 20 నిమిషములు



ఈ సంచికలో మన గృహారోగ్య పాఠము వంటింటిని గూర్చినది. చదివి ప్రక్కన పెట్టుటకు కాక, ఇంటిలో అందరును కూడి ఒకసారి చేసి చూచుటకు దీనిని వ్రాయుచున్నాము. పెద్దలు చదివి పిల్లలకు వివరించవలెనని మనవి.

పాఠము యొక్క ఉద్దేశ్యము: చిన్నగా కాలినప్పుడు ఇంటిలో మొట్టమొదట చేయవలసినదేదో నేర్చుకొనుట, చేయకూడనివి ఏవో, ఎందుకు కూడదో గ్రహించుట, ఇంటి వైద్యము చాలని గాయమును గుర్తుపట్టుట.

1. ఈ పాఠము మనకెందుకు?

మన రాజపాళయము నూలు మిల్లుల ఊరు. మన ప్రక్కనున్న ఛత్రపట్టి, సముసిగాపురము బ్యాండేజీ గుడ్డ నేతకు పేరుపొందినవి. దూరపు ఆసుపత్రులలో గాయములకు కట్టు గుడ్డ మన పొరుగు మగ్గములమీద తయారగుచున్నది. అయితే కట్టు కట్టుటకు ముందు చేయవలసిన పని ఒకటున్నది. గాయము త్వరగా మానునా, మచ్చ మిగులునా అనునది చాలమట్టుకు దానిమీదనే ఆధారపడియుండును. ఆ పనికి ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. అయినను చాల ఇండ్లలో అది జరుగుటలేదు.

మన దేశములో ప్రతి సంవత్సరము సుమారు 10 లక్షలమంది ఒక మోస్తరుగానో తీవ్రముగానో కాలిన గాయముల పాలగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. ఇవి పెద్ద గాయములు మాత్రమే. పెనము తగిలిన వ్రేలు, కుక్కరు ఆవిరి కొట్టిన మణికట్టు, మోటారు సైకిలు సైలెన్సరు అంటుకొన్న పిక్క, ఇస్త్రీపెట్టె తగిలిన ముంజేయి, కాఫీ ఒలికిన పసిపిల్లవాని తొడ, ఇట్టివాటిని ఎవరు లెక్కించుదురు? మన ఇండ్లలో తరచుగా జరుగునవి ఇవే గనుక ఈ పాఠము వీటిని గూర్చియే.

2. కాలినప్పుడు చర్మములో ఏమి జరుగును?

పొయ్యిమీదనుండి దించిన ఇనుప పెనమును చూడుడి. మంట ఆర్పివేసినను అది చాలసేపు వేడిగానే యుండును. చర్మము కూడ అట్టిదే. వేడి వస్తువునుండి చేతిని లాగుకొన్నంతమాత్రమున కాలుట ఆగదు. లోపల చిక్కుకొన్న వేడిమి క్రింది పొరలలోనికి దిగుచునే యుండును. పైకి ఎఱ్ఱగా మాత్రమే కనిపించిన చోట కొంతసేపటికి బొబ్బలెక్కుట ఇందువలననే.

మరుగుచున్న నీళ్ళే కావలసిన పని లేదు. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీళ్ళు సుమారు 5 సెకండ్లు తగిలినచో పెద్దవారి చర్మము సహితము లోతుగా కాలును. పసిపిల్లలకును ముసలివారికిని చర్మము పలుచన గనుక అంత సమయము కూడ పట్టదు. స్నానమునకు కాచిన నీళ్ళ గిన్నెను నేలమీద పెట్టి చల్లనీళ్ళకై వెళ్ళు తల్లులు దీనిని మరువరాదు.

3. మొదటి పని: నీళ్ళు

కాలిన వెంటనే ఆ భాగమును కొళాయి క్రింద పెట్టి, పారు చల్లని నీటితో 20 నిమిషములు తడుపవలెను. రెండు నిమిషములు కాదు, మంట తగ్గువరకును కాదు, గడియారము చూచి 20 నిమిషములు. నీటిలో ముంచి వెంటనే తీసి ఊదుకొనుట చాలదు. లోపలి పొరలలో దాగిన వేడిమి బయటికి వచ్చుటకు అంత సమయము కావలెను.

ఇది వట్టి అభిప్రాయము కాదు. ఆస్ట్రేలియా దేశములోని క్వీన్స్‌లాండులో కాలిన గాయములతో వైద్యమునకు వచ్చిన 2495 మంది పిల్లల వివరములను పరిశీలించి, 2020లో వైద్యులు ఫలితములు ప్రకటించిరి. కాలిన మూడు గంటలలోపల 20 నిమిషములు పారు చల్లని నీరు పొందిన పిల్లలకు, చర్మము అతికించు శస్త్రచికిత్స అవసరమగు అవకాశము 40 శాతమునకు పైగా తగ్గెను. మూడు గంటలను మాట గమనించుడి. వెంటనే చేయుట మేలు. కాని బడినుండియో పనినుండియో ఆలస్యముగా ఇంటికి వచ్చినవారికి కూడ, మూడు గంటలు దాటనియెడల, నీళ్ళు ఉపకారమే.

నీళ్ళు పోయుచుండగానే ఉంగరములు, గాజులు, గడియారము, మొలత్రాడు, కాలి పట్టీలు తీసివేయవలెను. వాపు వచ్చిన తరువాత అవి రావు, రక్తప్రసారమును బిగించివేయును. వేడి నీళ్ళో నూనెయో పడి తడిసిన బట్టను వెంటనే తొలగింపవలెను. చర్మమునకు అంటుకొనిపోయిన బట్టను మాత్రము లాగరాదు. దానిమీదనే నీళ్ళు పోయవలెను.

మంచుగడ్డ పెట్టరాదు. ఫ్రిజ్‌లోని ఐసు ఇంకను మేలుచేయునని అనేకులు తలంచుదురు. అతి చల్లదనమువలన రక్తనాళములు ముడుచుకొనిపోయి, అప్పటికే దెబ్బతిన్న చర్మమునకు రక్తము అందదు. కొళాయి నీటి చల్లదనమే తగినది. పసిపిల్లలకు నీళ్ళు పోయునప్పుడు కాలిన భాగమును మాత్రమే తడిపి, మిగిలిన ఒడలిని పొడి దుప్పటితో కప్పియుంచవలెను. గాయమును చల్లార్చుడి, బిడ్డను వెచ్చగా ఉంచుడి.

4. నీళ్ళు కరువైన దినములలో

ఇక్కడ మన ఊరి మాట చెప్పవలెను. అయ్యనార్ కోవిల్ దారిలోనున్న ఆరో మైలు జలాశయము నిండియున్న సంవత్సరము వేరు, ఎండియున్న సంవత్సరము వేరు. కొళాయి ఎప్పుడు వచ్చునో చూచి బిందెలు పట్టుకొను గృహిణికి “20 నిమిషములు కొళాయి విప్పి ఉంచుము” అని చెప్పినచో ఆమె నవ్వునేమో. కాబట్టి లెక్క వేసి చూతము.

నిమిషమునకు ఒక లీటరు చొప్పున చెంబుతో సన్నని ధారగా పోసినచో 20 నిమిషములకు 20 లీటర్లు. అది సుమారు రెండు బిందెల నీళ్ళు. గాయము క్రింద శుభ్రమైన బేసిను పెట్టి ఆ నీటిని పట్టినయెడల అవి తరువాత మొక్కలకు పనికివచ్చును. అంత నీరు కూడ లేనప్పుడు కాలిన చేతిని బేసినులోని శుభ్రమైన నీటిలో ఉంచి, నీరు వెచ్చబడిన కొలది మార్చవలెను. ముఖమువలె ముంచుటకు వీలుకాని చోట తడిపిన శుభ్రమైన మెత్తని గుడ్డను వేసి, నిమిషమునకొకసారి మరల తడుపుచుండవలెను. ఇవి పారు నీటికి సాటి రావు; అయినను ఏమియు చేయకుండుటకంటె ఎంతో మేలు.

ఇంకొక మాట. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నవేళ మేడమీది తొట్టినుండి వచ్చు నీరు చేయి పెట్టలేనంత వేడిగా నుండును. ఆ నీటితో కాలిన గాయము చల్లారదు. అట్టి వేళ నేలతొట్టిలోని నీళ్ళుగాని బిందెలోని త్రాగు నీళ్ళుగాని వాడవలెను. త్రాగు నీళ్ళు వ్యర్థమగునని వెనుకాడకుడి. ఆ రెండు బిందెలు ఒక బిడ్డ చేతికి జీవితాంతము మచ్చ లేకుండ చేయవచ్చును.

5. గాయముమీద పెట్టకూడనివి

మన పితరులు తెలుగు దేశమునుండి ఈ సీమకు వచ్చినప్పుడు భాషను, పచ్చళ్ళను, వాటితోకూడ వంటింటి వైద్యమును తెచ్చుకొనిరి. ఇక్కడి తమిళ పొరుగువారినుండి మరికొన్ని నేర్చుకొనిరి. ఆ విధముగా కాలిన చోట పూయు వస్తువుల పట్టిక మన ఇండ్లలో పెద్దదే: కలము సిరా, దోసె పిండి, పండ్లపొడి, టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, కొబ్బరినూనె, వెన్న, కోడిగ్రుడ్డు సొన. నీళ్ళు పోసినచో బొబ్బలెక్కునని భయపడి, నీళ్ళనే తగులనియ్యనివారును కలరు. బొబ్బలు నీటివలన రావు, వేడిమివలన వచ్చును.

ఇవి ఎందుకు కూడదు? మొదటిది, నూనెయు వెన్నయు వేడిమిని లోపలనే పట్టియుంచును. రెండవది, దోసె పిండి, పచ్చి గ్రుడ్డు సొన వంటివాటిలో సూక్ష్మక్రిములు ఉండును. కాలిన చర్మము వాకిలి లేని ఇంటివలె ఉండును గనుక అవి సులువుగా లోపలికి ప్రవేశించును. మూడవది, సిరాయు పసుపును గాయము యొక్క అసలు రంగును దాచివేయును. గాయము ఎంత లోతో వైద్యుడు రంగు చూచియే చెప్పవలెను. అప్పుడు ఆ పూతను కడిగి తీయవలసివచ్చును. ఆ నొప్పి కాలిన నొప్పికి తక్కువ కాదు.

“మా అమ్మమ్మ సిరా పోసినది, మానలేదా?” అని అడుగుదురు. మానినది, నిజమే. పైపైన కాలిన చిన్న గాయము ఏమియు పూయకున్నను వారము దినములలో దానంతట అదే మానును. ఆ ఘనత సిరాకు దక్కినది. పెద్దలు ప్రేమతోనే చేసిరి. దూరపు బావినుండి నీళ్ళు మోసికొను దినములలో చేతికి అందినదానితో చేసిరి. వారి ప్రేమను మనము ఉంచుకొందము. చేతిలోని డబ్బాను మాత్రము దించి చెంబును పట్టుకొందము.

మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోయలేదా అని బైబిలు తరగతిలో ఒకరు అడుగవచ్చును. అవి కొట్టుటవలన కలిగిన గాయములు, కాలినవి కావు. అంతేకాదు, ఆయన నూనె పోసి ఊరకుండలేదు. కట్టు కట్టి, తన వాహనముమీద ఎక్కించి, పూటకూళ్ళ ఇంటికి తీసికొనిపోయి, ఖర్చు కూడ ఇచ్చెను. మనము ఆయనను ఆ చివరి పనియందు పోలి నడుచుకొనినయెడల ఎంత మేలు!

తేనె మాటయేమి? మనవలెనే తెలుగువారనేకులు స్థిరపడిన షోలాపురములో, ఎం. సుబ్రహ్మణ్యం అను వైద్యుడు కాలిన గాయములకు తేనె కట్టుట పరీక్షించి 1991లో ఫలితములు ప్రకటించెను. అటువలెనే ఉడికించిన అరటి ఆకును గాయమునకు అంటుకొనని కట్టుగా మన దేశపు ఆసుపత్రులలో వాడి చూచిరి. కాబట్టి వైద్యులు మన వంటింటి వస్తువులను త్రోసివేయలేదు, పరీక్షించిరి. అయితే అవి ఆసుపత్రిలో, శుద్ధిచేసి, గాయమును చూచినవారి చేతిమీదుగా జరిగినవి. కాలిన మొదటి నిమిషములలో తేనె సీసాకై వెదకుటకు అది ఆధారము కాదు.

6. నీళ్ళ తరువాత

20 నిమిషములైన తరువాత గాయము చుట్టునున్న చర్మమును మెత్తగా అద్ది, గాయమును వదులుగా కప్పవలెను. ఆహారపదార్థములను చుట్టు పలుచని పారదర్శకపు ప్లాస్టిక్ పొర దీనికి చాల బాగుగ పనికివచ్చును. మొదటి చుట్టు పారవేసి, తరువాతి ముక్కను గాయముమీద పరవవలెను, బిగించి చుట్టరాదు. అది లేనిచో ఉతికి ఎండబెట్టిన మెత్తని నూలు గుడ్డ చాలును. దూది ఎన్నడును పెట్టరాదు; పోగులు గాయమునకు అంటుకొనును. మన ఛత్రపట్టి గుడ్డ మంచిదే అయినను వట్టి గాజుగుడ్డను పచ్చి గాయముమీద నేరుగా వేసినచో ఎండి పట్టుకొనిపోవును. తీయునప్పుడు క్రొత్త చర్మము కూడ ఊడివచ్చును. అందుచేత మందుల దుకాణములో దొరకు వాజలీను పట్టించిన గాజును క్రింద వేసి, దానిపైన మామూలు గాజును కట్టవలెను.

బొబ్బలను చిదుపరాదు. ప్రకృతి వేసిన కట్టు అది. దానంతట అది చిట్లినయెడల సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి కప్పవలెను. చర్మము చిట్లక ఎఱ్ఱబడిన చిన్న గాయమునకు, పూర్తిగా చల్లారిన తరువాత, పలుచగా వాజలీను పూయవచ్చును.

నొప్పికి పారాసిటమాలు చాలును. పిల్లలకు వారి బరువునుబట్టి ఇయ్యవలెను. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేసికొన్నదియు గుర్తులేనివారు వైద్యుని అడిగి వేయించుకొనవలెను. రెండు మూడు దినముల తరువాత గాయము చుట్టు ఎఱ్ఱదనము వ్యాపించినను, చీము గాని దుర్వాసన గాని కలిగినను, జ్వరము వచ్చినను ఇంటిలో ఉంచుకొనరాదు.

7. ఏది చిన్న గాయము కాదు?

కాలినవారి అరచేయి, వ్రేళ్ళతో కలిపి, వారి ఒడలి చర్మములో సుమారు నూటికొక వంతు. పిల్లవాడు కాలినయెడల పిల్లవాని చేతితోనే కొలువవలెను, మన చేతితో కాదు. ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నను, నీళ్ళు పోసి కప్పిన తరువాత ఆసుపత్రికి పోవలెను.

అ) గాయము కాలినవారి అరచేతికంటె పెద్దది.
ఆ) ముఖము, చేతులు, పాదములు, కీళ్ళు, మర్మస్థానములు కాలినవి.
ఇ) చర్మము తెల్లగానో గోధుమరంగుగానో నల్లగానో మారి, తోలువలె గట్టిపడి, నొప్పి తెలియకున్నది. నొప్పి లేదని సంతోషింపరాదు. నొప్పి తెలుపు నరములు కూడ కాలిపోయినవని దాని అర్థము.
ఈ) విద్యుత్తువలన కాలినది. మొదట మెయిన్ స్విచ్ ఆపిన తరువాతనే మనిషిని ముట్టవలెను. పైకి చిన్న మచ్చ కనిపించినను లోపల దెబ్బ పెద్దదై యుండవచ్చును.
ఉ) మరుగుదొడ్డి కడుగు ఆసిడ్ గాని, సున్నము గాని పడినది. పొడి సున్నమును మొదట దులిపివేసి, తరువాత ధారాళముగా నీళ్ళు పోయవలెను. కంటిలో పడినచో నీళ్ళు పోయుట ఆపకుండ తీసికొనిపోవలెను.
ఊ) పొగ పీల్చి దగ్గుట, గొంతు బొంగురుపోవుట.
ఋ) కాలినవారు అయిదేండ్లలోపు పిల్లలు, వృద్ధులు, గర్భిణీ స్త్రీలు, చక్కెర వ్యాధిగలవారు. చక్కెర వ్యాధిగలవారి పాదమునకు కాలినది తెలియకపోవచ్చును గనుక ఇంటివారు చూచుచుండవలెను.

108కి ఫోను చేసినచో అంబులెన్సు ఉచితముగా వచ్చును. ఈ సేవ 2005లో హైదరాబాదులో మొదలై 2008లో తమిళనాడునకు వచ్చెను. మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపింపవచ్చును. పెద్ద గాయములను అక్కడినుండి మధురై వంటి పెద్ద ఆసుపత్రులకు పంపుదురు. విరుదునగరములో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ప్రారంభమైనది.

8. దాచిపెట్టకుడి

మన ఇండ్లలో ఎక్కువగా కాలునది స్త్రీల చేతులే. గంజి ఒలికిన చేతితోనే కోడలు అందరికి వడ్డించును. “ఏమి లేదు, కొంచెము తగిలినది” అని కొంగు చాటున దాచుకొనును. ఆమె పొయ్యి దగ్గరనుండి లేచి 20 నిమిషములు కొళాయి దగ్గర కూర్చుండుటకు ఇంటివారు ఒప్పుకొనవలెను. భోజనము అరగంట ఆలస్యమైనను నష్టము లేదు. ఆ 20 నిమిషములు భర్త గాని అత్తగారు గాని గరిటె పట్టుకొనవలెను. ఈ పాఠములో అన్నిటికంటె కష్టమైన భాగము ఇదేనని మేము తలంచుచున్నాము.

ఇంకొక సంగతి కూడ చెప్పక తప్పదు. అన్ని గాయములును పొరబాటున కలుగవు. ఎవరి చేతిమీదనైనను మరల మరల కాలిన గుర్తులు కనిపించినను, అడిగినప్పుడు ఆమె మాట మార్చినను, ఏకాంతమున మెల్లగా అడుగవలెను, చెప్పినదానిని నమ్మవలెను. స్త్రీల సహాయమునకు 181 అను ఫోను నెంబరున్నది. కుటుంబ గౌరవమని సంఘపెద్దలు అట్టిదానిని కప్పిపుచ్చరాదు.

9. ముందు జాగ్రత్తలు

గిన్నెల పిడులను పొయ్యి లోపలి వైపునకు త్రిప్పి ఉంచవలెను. స్నానపు తొట్టిలో మొదట చల్లనీళ్ళు, తరువాత వేడినీళ్ళు పోయవలెను. వేడి కాఫీని బిడ్డను ఎత్తుకొని త్రాగరాదు. వంటచేయునప్పుడు పాలియెస్టరు బట్టలకంటె నూలు బట్టలు మేలు. బట్టలు అంటుకొన్నచో పరుగెత్తరాదు. ఆగి, నేలమీద పడి, పొర్లవలెను.

శివకాశి మనకు దగ్గర గనుక దీపావళి బాణసంచా మన వీధులలో విరివిగా కాలును. కాలిపోయిన కాకరపువ్వొత్తి తీగె ఆరినట్లు కనిపించినను చాలసేపు వేడిగా నుండును. చెప్పులు లేని పిల్లలు దానినే త్రొక్కుదురు. ప్రక్కన నీళ్ళ బకెట్ పెట్టి తీగెలను అందులో వేయవలెను. క్రిస్మసు కొవ్వొత్తుల ఆరాధనకును, ప్రేమవిందు వంట జరుగు చోటునకును ఇదే సూత్రము: రెండు బిందెల నీళ్ళు సిద్ధముగా ఉంచుడి.

ఆలోచించి జవాబు చెప్పుడి

1. చేతిని వేడినుండి తీసిన తరువాత కూడ చర్మము ఎందుకు కాలుచుండును?
2. కాలిన రెండు గంటలకు ఇంటికి వచ్చిన పిల్లవానికి నీళ్ళు పోయుటవలన లాభమున్నదా?
3. నొప్పి లేని గాయము నొప్పిగల గాయముకంటె ఎందుకు ప్రమాదకరము?
4. మీ ఇంటిలో మధ్యాహ్నము రెండు గంటలకు చల్లని నీళ్ళు ఎక్కడ దొరకును?

ఇంటి అభ్యాసము: ఈ వారము ఒక సాయంకాలము కుటుంబమంతయు కూడి, ఒక చెంబు, ఒక బేసిను, రెండు బిందెల నీళ్ళు, ఒక గడియారము తీసికొనుడి. బాగుగానున్న ఒక చేతిమీద 20 నిమిషములు సన్నని ధారగా నీళ్ళు పోయుడి. పిల్లలు వంతులవారీగా పోయవలెను. ఐదు నిమిషములకే “ఇక చాలు” అని ఒకరు తప్పక అందురు. అప్పుడు గడియారము చూపుడి. 20 నిమిషములు ఎంతసేపో నెమ్మదిగానున్న దినమున నేర్చుకొన్న ఇల్లు, కంగారు దినమున మరువదు.